వెంబనాడ్ అడుగున నల్ల గుల్ల

అలెప్పి నుంచి ముహమ్మ మీదుగా తన్నీర్‌ముక్కం దాకా వెంబనాడ్ కాయల్ అనే సరస్సు పక్కనే సాగిన ప్రయాణంలో ఒడ్డున పదే పదే కనిపించేవి గుల్లల కుప్పలు. మలయాళీలు కక్క అనే ఈ నల్ల గుల్ల కేరళ, కర్ణాటక, గోవా తీరాల్లోని నదీముఖాల్లో ఇసుక కలిసిన బురదలో పూడుకుని బతుకుతుంది. దగ్గరగా చూస్తే మందపాటి ముక్కోణపు చిప్ప, పైన నలుపు తిరిగిన గోధుమరంగు పొర, దానిమీద వరసగా సన్నటి గట్లు, లోపలంతా తెలుపు. పొడవాటి గెడకు బిగించిన వలతో పడవ మీంచి కాయల్ అడుగును గీరి వీటిని తీస్తారు. నీటిలో మునిగి చేత్తో ఏరేవాళ్లూ ఉన్నారు. ఒడ్డున ఉడకబెట్టి, జల్లెడ పట్టి మాంసం వేరుచేస్తారు. చిప్పలు సున్నానికి, సిమెంటుకు పోతాయి.

మంచినీటిలో దొరుకుతోంది కాబట్టి దీనికి మంచినీరు చాలనుకోవడం పొరపాటని నా వాదన. ఎదిగిన గుల్ల ఉప్పులేని నీటిని నెలల తరబడి ఓర్చుకుంటుంది. సంతానం కలగాలంటే మాత్రం నీటికి కాస్త ఉప్పు తగలాలి. వానల్లో పంబ, మీనచిల్ వంటి నదులు కాయల్‌ను మంచినీటితో నింపుతాయి, వేసవిలో కొచ్చి వైపునుంచి పోటు ఉప్పు తెస్తుంది. ఈ రెండూ మారిమారి వచ్చే చోటే దాని నెలవు. వరిపొలాల్లోకి ఉప్పునీరు చేరకుండా 1970ల నడుమ వచ్చిన తన్నీర్‌ముక్కం బండ్, అంటే షట్టర్లున్న అడ్డుకట్ట, ఆ రాకపోకలకు అడ్డుపడింది. డిసెంబరు మధ్యలో దించి మార్చి మధ్యలో ఎత్తాల్సిన షట్టర్లు ఎన్నో ఏళ్లు ఏప్రిల్ దాకా దిగే ఉన్నాయి.

బండ్‌కు దక్షిణాన కూడా గుల్లలున్నాయిగా అంటారు. ఉన్నాయి. కానీ బతికి ఉండటం వేరు, తరం తర్వాత తరం పుట్టడం వేరు. వరి సంగతేమిటన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. బండ్‌కు దక్షిణానున్న కుట్టనాడు పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉన్నాయి, ఉప్పు చేరితే పైరు పోతుంది. మన గోదావరి జిల్లాల జయ బియ్యం కోసం ఎదురుచూసే రాష్ట్రంలో సొంత వరిని వదులుకోమని ఎవరంటారు? అయితే షట్టర్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా విత్తడం ఆలస్యమైనందువల్లే. పైగా పారని నీటిలో గుర్రపుడెక్క పేరుకుని కాలువలను మూసేస్తుంది. ఉప్పు తగిలితే అదే చస్తుంది. ఆ మేలు రైతుకూ దక్కుతుంది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఒకచోటి పిల్లగుల్లలను తెచ్చి తరిగిపోయిన చోట వేయించింది. మంచి పనే, కానీ పుట్టుక ఆగినచోట ఏటా ఎక్కణ్ణుంచని తెచ్చిపోస్తాం? విత్తే తేదీ అన్ని పొలాలకూ ఒకటే చేసి, మార్చి మధ్యకల్లా షట్టర్లు ఎత్తాలి.