మా పొలముల పేర్లు

మా పెద్దమండ్యము మదనపల్లెకు ఉత్తరపు దిక్కున, గుండ్లకొండల నడుమ నున్న మెట్టయూరు. ఊరు కదలలేదు గాని దాని చిరునామా పలుమార్లు మారినది. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారి కిచ్చివేసెను. 1911 వరకు ఇది కడప జిల్లాలోను, పిదప చిత్తూరు జిల్లాలోను ఉండి, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరినది. ఇన్ని మార్పులలోను మా పొలముల పేర్లు మాత్రము మారలేదు.

దస్త్రములో ప్రతి చేనికిని సర్వే నంబరు కలదు; ఇంటిలో దానికే పేరు కలదు. మాకున్న కొద్దిపాటి నేలలో ఎర్రదిన్నె, చౌడుచేను, ఊటమడి, వంకబారు అని నాలుగు పేర్లు. ఎర్రదిన్నె వేరుసెనగకు తగిన పొడినేల. చౌడుచేనిలో పెట్టుబడి పెట్టవలదని దాని పేరే హెచ్చరించును. ఊటమడిలో వేసవియందు సైతము చెమ్మ నిలుచును. వాన నమ్మరాని సీమలో రైతునకు ఇంతకన్న విలువైన వార్త ఏమి కావలెను?

జీవనది లేని ఈ ప్రాంతమునకు చెరువులే ఆధారము. చెరువు త్రవ్వించి కట్టను కాపాడువారికి దశబంధ మాన్యము లిచ్చుట పూర్వపద్ధతి. కల్నల్ మెకంజీ కావలి సోదరుల సాయమున కైఫీయతులు సేకరించినపుడు పల్లెల సంగతు లెన్నియో కాగితమున కెక్కినవి. నాటి లేఖకులు ముఖ్యముగా కరణములను, ఊరి పెద్దలను అడిగిరి. కలుపు తీయుచు గట్టుగట్టున తిరిగిన స్త్రీలకు తెలిసినది వారి నోటనే యుండిపోయెను.

మా యింట ఆ జ్ఞానము మా అవ్వది. పట్టాలో ఆమె పేరు ఏనాడును లేదు. మా చిన్నాయన వంకబారులో ఇల్లు కట్టబోయినపుడు ఆమె వలదనెను. “పేరులోనే ఉండాది గదరా నాయనా, అది నీళ్లదావ” అనెను. కాగితమున వంక లేదని ఆయన వినలేదు. 2021 నవంబరు వానలకు వంక తన దారినే వచ్చినది. గోడలు కూలినవి, ప్రాణములు దక్కినవి. ఆ మాట చెప్పిన అవ్వ అప్పటికే లేదు.

కాగితము అనవసరమని నా భావము కాదు. 2020లో ఆరంభమైన రీసర్వే హద్దుల తగవులను తగ్గించినచో మేలే. కాని కాగితముపైననే భారము వేయరాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు రేగి భూముల దస్త్రము లెన్నియో కాలిపోయినవి.

ఐర్లండు పల్లెసీమ 60,000కు పైగా చిన్న చిన్న భాగములుగా నున్నది. ఒక్కొక్కదానికి ప్రాచీనమైన పేరు కలదు. 1970 తరువాత ఉత్తర ఐర్లండులో తపాలావారు వానికి బదులుగా రోడ్ల పేర్లను, ఇంటి నంబర్లను పెట్టగా, ఫెర్మానా సీమవారు తమ పేర్లను విడువక నిలుపుకొనిరి.

మనము చేయవలసిన పని చిన్నది. బడికి పోవు పిల్ల చేతికొక నోటుపుస్తకమిచ్చి అవ్వ ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ఒక వరుసలో సర్వే నంబరు, మరియొక వరుసలో పొలము పేరు, ఆ పేరు వచ్చిన విధము, చెప్పినవారి పేరు వ్రాయించవలెను. పట్టాలో చోటు దొరకని స్త్రీకి ఆ పుస్తకమున నైనను చోటు దొరకును. పట్టాలోను దొరకవలెనని చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మా పుస్తకమున ఇంతవరకు 17 పేర్లు చేరినవి. తక్కినవి తెలిసిన వృద్ధులు ఊరిలో ఇంకను ముగ్గురున్నారు. ఈ వేసవిలోనే వారి నడుగవలెను.