నల్లనీళ్ల ఒడ్డున ఒక పగలు



మన జగిత్యాల వైపు వారికి నీళ్లంటే ధర్మపురి దగ్గరి గోదావరి, ఊరి చెరువు, ఎస్సారెస్పీ కాలువ. సముద్రాన్ని కంటితో చూసినవారు మన సారంగాపూర్ పల్లెల్లో తక్కువే. అయినా దాని అవతల ఎవరో ఒకరు లేని యిల్లు కూడా తక్కువే. దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పేర్లు మన ముసలమ్మలకు కూడా నోటికి వచ్చును. అందుకే ఈ ప్రయాణపు సంగతులు మీతో పంచుకోవాలనిపించింది.

2019 జనవరిలో విశాఖపట్నం రేవు నుండి ఓడలో అండమాను దీవులకు వెళ్లే అవకాశం కలిగింది. రెండు పగళ్లు నీళ్లు, ఆకాశం తప్ప మరేమీ లేవు. మూడవనాడు పచ్చని కొండలు కనబడగానే ఓడలోని వారందరూ కటకటాల దగ్గర గుమిగూడారు. ఆ ఊరు పోర్టుబ్లేర్. 1789 ప్రాంతంలో ఈ తీరాన్ని కొలిచిన ఆర్చిబాల్డ్ బ్లేర్ అనే నావికాధికారి పేరు దానికి పెట్టారు. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం దానిని శ్రీ విజయపురంగా మార్చింది. కొబ్బరిచెట్లు, పోకచెట్లు, ఎక్కి దిగే వీధులు, అన్నిటి చివర నీలి సముద్రం. ఊరు చూచుటకు మాకు దొరికినది ఒక్క పగలు.

ఇంత అందమైన చోటును మన పెద్దలు కాలాపాని అన్నారు, అంటే నల్లనీళ్లు. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలను ఇక్కడికి తెచ్చాడు. 1879 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన మన్యం వారిని కూడా ఈ దీవులకే పంపారు. సముద్రం దాటినవాడు కులం నుండి వెలి అనే రోజులవి. బతికి ఉండగానే ఇంటివారు ఆశ వదలుకొనేవారు.

ముందుగా సెల్యులార్ జైలు చూచాము. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ బండి చక్రపు ఆకుల వలె ఏడు వరుసలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. నన్ను నిలబెట్టినది గది కొలత కాదు, దాని అమరిక. ఒక వరుస ముఖం రెండవ వరుస వీపు వైపు ఉంటుంది. ఖైదీకి ఇంకొక మనిషి ముఖం కనబడకూడదని అట్లు కట్టారు. మన ఊళ్లో ఎడ్లు తిప్పిన గానుగను ఇక్కడ మనుష్యులచేత తిప్పించి కొబ్బరినూనె తీయించారు. ఇంటికి ఉత్తరం ఏడాదికి ఒక్కటి. అల్లూరి సీతారామరాజుతో పోరాడిన గాం మల్లుదొర ఈ దీవుల శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏడు వరుసలలో ఇప్పుడు మిగిలినవి మూడే. ఆ ఆవరణలోనే 1963 నుండి పెద్దాసుపత్రి నడుస్తున్నది. మనిషిని మనిషికి దూరం చేయుటకు కట్టినచోట ఇప్పుడు రోగి పక్కన అతని బంధువు కూర్చుంటున్నాడు.

మధ్యాహ్నం పడవ మీద రాస్ దీవికి పోయాము. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. తెల్లదొరల కాపురం అక్కడే. 1941 జూన్ భూకంపం, ఆ మరుసటి ఏడు జపాను సైన్యం రావడం, అంతటితో ఆ వైభవం ముగిసింది. ప్రెస్బిటేరియన్ చర్చి గోడలను ఊడల వేళ్లు పట్టుకొని నిలబెట్టినవి. కప్పు లేదు. లోపల జింకలు తిరుగుచున్నవి.

ఈ దీవిలోనే 1863లో హెన్రీ కార్బిన్ అనే పాదిరి అండమాను ఆదివాసుల కొరకు ఒక గృహం పెట్టాడు. వారికి ఇంగ్లీషు, నాగరికత నేర్పాలని ఆయన తలంపు. కాని వారిని కాపలా మధ్య ఉంచారు, ఇష్టమైనప్పుడు అడవికి పోనియ్యలేదు. తరువాతి ఏండ్లలో బయటి మనుష్యుల రోగాలు వారికి సోకినవి. వేలల్లో ఉండిన గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కలలో 19 మందే. మేలు చేయబోవువాడు మొదట ఎదుటివాని ఇష్టం అడగాలని ఆ శిథిలాల మధ్య ఎవరికైనా తోచును.

సాయంకాలం ఆ పాదిరి పేరుతోనే ఉన్న కార్బిన్స్ కోవ్ ఒడ్డుకు చేరాము. కొబ్బరిచెట్ల కింద బొండాలు అమ్ముతున్న ఒక పెద్దామె మా మాట విని, "తెలుగోళ్లేటి బాబూ? ఏ ఊరు?" అని అడిగింది.

"సారంగాపూర్, జగిత్యాల దగ్గర. మీదే ఊరమ్మా?"

"సికాకుళం. నేనొచ్చి నలభై ఏళ్లయిపోనాది. మనవలు ఇక్కడే పుట్టినారు."

2011 లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. తెలుగు మాధ్యమపు బడి కూడా ఉంది. శిక్ష తీరిన ఖైదీలు కొందరు ఇక్కడే భూమి దున్ని, కులం, ప్రాంతం చూడక పెండ్లిండ్లు చేసికొన్నారు. వారి సంతతిని లోకల్ బార్న్ అంటారు. విడదీయుటకు ఏర్పరచిన నేల మీద మనుష్యులు కుటుంబాలు కట్టుకొన్నారు. పత్మాసు ద్వీపంలో ఒంటరిగా ఉంచబడిన యోహానును ఎరిగిన మనకు ఇది వింత కాదు.

తల్లులారా, తండ్రులారా, ఆ జైలులో ఏడాదికి ఒక్క ఉత్తరానికి ఎదురుచూచినవారిని తలచుకొనండి. మన పిల్లలు ఖైదీలు కారు. చేతిలో ఫోను ఉంది. అయినా ఆ ఫోనులో డబ్బు ఎప్పుడు పంపుతావనే మాటే ముందు వస్తే, మధ్యనున్న సముద్రం ఇంకా నల్లబడును. ఈ రాత్రి ఫోను వచ్చినప్పుడు, ఏం తిన్నావు బిడ్డా, పక్కన ఎవరున్నారు, ఒంట్లో ఎట్లుంది అని ముందుగా అడగండి. అప్పులెక్క తరువాత మాట్లాడుకోవచ్చు.