పిడికెడు పిన్ను... బండెడు బరువు!

బంగినపల్లి కోతకొచ్చిందంటే చాట్రాయి చుట్టుపక్కల ఏ ఊళ్లో విన్నా ఒకటే మాట. టన్ను ఎంత పలుకుతోంది? నున్న మార్కెట్‌కు పంపాలా, తోట దగ్గరే అమ్మేయాలా? ఇన్ని ప్రశ్నల మధ్య ఎవరూ అడగనిది ఒకటుంది... ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య ఏముంది? ఉన్నది జానెడు ఇనుప పిన్ను, దాన్ని పట్టుకునే ఓ కొక్కెం. ఏడాది పంటంతా దాన్ని నమ్ముకునే రోడ్డెక్కుతుంది. ఒక్కోసారి మనుషుల ప్రాణాలు కూడా!

ఇక్కడ ట్రక్కు అంటే లారీ కాదు. ట్రాక్టరు వెనక తగిలించే ఇనుప తొట్టి. 2022 ఏప్రిల్‌లో చాట్రాయి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. జిల్లా మారినా తోటలు మారలేదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, ఈ ప్రాంతంలో కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి... అన్నీ ట్రక్కెక్కాల్సిందే. మామిడి అయిపోతే పామాయిల్ గెలలు, మొక్కజొన్న. ట్రక్కుకు సెలవు లేదు.

ఆ మండలంలోనే ఓ కుటుంబం. తండ్రి చేతుల మీదుగా పెరిగిన పాత తోట కొంత, కొడుకు వేసిన కొత్త తోట కొంత. పాత తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య పది మీటర్ల దూరం. ఎకరానికి నలభై చెట్లు. పెద్ద ట్రాక్టరు దర్జాగా తిరిగేది. కొడుకు అయిదు మీటర్లకో మొక్క చొప్పున ఎకరానికి నూట అరవై పెట్టాడు. కొమ్మలు సాగేసరికి సాళ్ల మధ్య దారి ఇరుకైపోయింది. పెద్ద ట్రాక్టరు అమ్మేసి, ఇరవై చిల్లర హార్స్‌పవర్ మినీ ట్రాక్టరు తెచ్చారు. బండి బుజ్జిగా ఉంది, సందుల్లో దూరిపోతోంది. చిక్కల్లా ఒక్కటే. దాని వెనక ఏ ట్రక్కు కట్టాలి? ఎక్కడ తగిలించాలి?

‘‘మన పాత ట్రక్కు ఉందిగా నాన్నా... దానికే పిన్ను మారిస్తే పోలా?’’ అన్నాడు కొడుకు.

‘‘ఏరా, దూడకి ఎద్దు కాడి కడతావా?’’ అన్నాడు తండ్రి.

ఎద్దుల బండి చెప్పిన లెక్క

తండ్రిది చదువుకున్న లెక్క కాదు, బండి తోలిన లెక్క. ఎద్దుల బండికి రెండే చక్రాలు. బరువు ముందుకు పడితే ఎద్దుల మెడలు వంగిపోతాయి. వెనక్కి పడితే నొగ పైకి లేచి కాడి గొంతుకు బిగుస్తుంది. అందుకే బండెక్కించేవాడు బస్తా బస్తాకూ ముందూ వెనకా చూసి సర్దేవాడు. నొగ మీద కొద్దిపాటి బరువు... అంతే ఉండాలి.

రెండు చక్రాల ట్రక్కుదీ అదే సూత్రం. కాకపోతే ఎద్దుల మెడ స్థానంలో ట్రాక్టరు కొక్కెం ఉంటుంది. ఓ చిన్న ఉదాహరణ. కొక్కేనికీ ట్రక్కు ఇరుసుకూ మధ్య పది అడుగులు ఉందనుకుందాం. రెండు టన్నుల కాయ ఎక్కించారు. సరుకు బరువు ఇరుసుకు అడుగు ముందు కేంద్రీకరిస్తే కొక్కెం మీద పడేది రెండొందల కిలోలు. క్రేట్లన్నీ ముందుకు నెట్టి అదే కేంద్రం రెండడుగులు ముందుకు జరిగితే నాలుగొందలు!

ఈ నాలుగొందలూ ట్రాక్టరు వెనక ఇరుసుకు ఇంకో రెండడుగుల వెనక వేలాడతాయి. తూగుడుబల్ల మీద పిల్లాడిలా అవి ముందు చక్రాలను పైకి లేపుతాయి. ముందూ వెనకా చక్రాల మధ్య అయిదడుగులే ఉన్న పొట్టి ట్రాక్టరులో ముందు నుంచి తగ్గే బరువు నూట అరవై కిలోలు. అలాంటి ట్రాక్టరు మొత్తం బరువు ఎనిమిదొందల కిలోలనుకుంటే, ముందు చక్రాల మీద ఉండేది మూడొందల చిల్లర. అందులో సగం పోయినట్టే. మొత్తం బరువులో అయిదో వంతయినా ముందు చక్రాల మీద ఉండాలన్నది ట్రాక్టర్ల విషయంలో అందరూ పాటించే సూత్రం. ఈ లెక్కలో సరిగ్గా అంచుకొచ్చేశాం. ఇక చెరువు కట్ట ఎక్కేటప్పుడో, గట్టు దాటేటప్పుడో ఆ మిగిలిందీ మిగలదు. స్టీరింగు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది.

పెద్ద ట్రాక్టరు పొడవుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది కాబట్టి ఈ తప్పును కాచుకుంటుంది. చిన్నది కాచుకోలేదు. తండ్రి చెప్పిన దూడ సామెత అదే.

ఎక్కడ తగిలించాలి?

ట్రాక్టరు వెనక చూస్తే తగిలించడానికి చాలా చోట్లే కనిపిస్తాయి. దుక్కి పనిముట్లు ఎత్తే రెండు చేతుల మధ్య చిల్లుల పట్టీ ఒకటి. గేర్‌బాక్సు వెనక గట్టిగా బిగించిన కొక్కెం ఒకటి. కొన్నిటికి ఇంకా కిందుగా, పొట్ట కింద నుంచి వచ్చే డ్రాబార్. పైన మధ్యలో ఉండే టాప్ లింకు మరొకటి.

పనిముట్టును మూడుచోట్ల పట్టుకునే ఈ ఏర్పాటు హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఇంజినీరు చలవ. 1939లో ఫోర్డ్ ట్రాక్టరుతో పాటు వచ్చి ప్రపంచమంతా పాకింది. అది నాగలిని, గొర్రును ఎత్తడానికి పుట్టింది. ట్రక్కు లాగడానికి కాదు. చిల్లుల పట్టీకి ట్రక్కు తగిలించి పొరపాటున హైడ్రాలిక్ లివరు తగిలిందా... పట్టీ పైకి లేస్తుంది. లాగే చోటు వెనక ఇరుసు కన్నా పైకి వెళ్తే ట్రాక్టరు ముందుభాగం లేచి డ్రైవరు మీదకే తిరగబడుతుంది. క్లచ్ తొక్కేంత వ్యవధి కూడా ఉండదు. టాప్ లింకుకు గొలుసు కట్టి బురదలో దిగిన బండిని లాగబోయి ప్రాణం మీదకు తెచ్చుకునేది ఇందుకే.

కాబట్టి మొదటి నియమం... లాగే చోటు ఎప్పుడూ ఇరుసు కన్నా కిందే ఉండాలి, కదలకుండా ఉండాలి. రెండో నియమం... తగిలించాక ట్రక్కు నేలకు సమంగా నిలవాలి. పెద్ద ట్రాక్టరు కొలతకు చేసిన ట్రక్కును పొట్టి ట్రాక్టరుకు కడితే ముక్కు కిందకు వాలుతుంది. సరుకు బరువంతా ముందుకే జారుతుంది. పిన్ను మార్చినంత మాత్రాన సరిపోనిది అక్కడే.

తాడు చెప్పే కొలత

మోత లెక్క తేలింది. ఇక మలుపు. సాలు చివర ట్రాక్టరు తిరిగేటప్పుడు ట్రక్కు ముందు అంచు వెనక టైరుకు రాసుకుంటే టైరు చీరుకుపోతుంది, మడ్‌గార్డు నలుగుతుంది. నొగ పొడవు పెంచితే తగలదు. కానీ తిరగడానికి చోటు ఎక్కువ కావాలి. తగ్గిస్తే ఇరుకులో తిరుగుతుంది, కానీ టైరుకు తగులుతుంది.

మరి ఎంత ఉండాలి? ట్రక్కు చేసిపెట్టే వెల్డింగ్ షెడ్డు మేస్త్రి దీనికి టేపు కూడా తియ్యలేదు. ‘‘బాబాయ్, తాడు ఒకటి ఇవ్వండి’’ అన్నాడు. పిన్ను పడే చిల్లు నుంచి వెనక టైరు బయటి అంచు దాకా తాడు పట్టాడు. దాని కన్నా ఓ జానెడు ఎక్కువ... తొట్టి ముందు అంచు పిన్నుకు అంత దూరంలో ఉంటే చాలన్నాడు. పిన్ను చుట్టూ ఆ తాడుతో గీసిన వలయంలోకి తొట్టి అంచు ఎన్నడూ రాదు. ఎంత గట్టిగా తిప్పినా టైరు భద్రం.

ఇదే తలనొప్పి సముద్రాల అవతలా ఉంది. అమెరికాలో ఇల్లులాంటి పెద్ద ట్రైలర్లను పికప్ వ్యాన్ల వెనక కట్టుకుని ఊళ్లు తిరుగుతారు. అక్కడ కొక్కెం బండి వెనక ఉండదు. వ్యాను తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన ఉంటుంది. దాని పేరు ఫిఫ్త్ వీల్... అంటే అయిదో చక్రం! గుర్రపు బళ్ల రోజుల్లో ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా పరిచిన ఇనుప వలయాన్ని అలా పిలిచేవారు. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఓ కలప వ్యాపారి పడవను ఫోర్డు కారు వెనక లాక్కెళ్లడానికి ట్రైలర్ చేసిపెట్టాడు. పెద్ద ట్రైలర్ల వ్యాపారానికి అదో మొదలు.

బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి ముందు చక్రాలు లేవవు. మోత సమస్య తీరిపోయింది. కానీ తొట్టి పొట్టిగా ఉన్న వ్యాన్లకు మలుపు సమస్య మొదలైంది. ట్రైలర్ వెడల్పు ఎనిమిదడుగులు, అందులో సగం నాలుగు. పొట్టి వ్యానులో ఇరుసు నుంచి డ్రైవరు క్యాబిన్ దాకా అంత జాగా ఉండదు. గట్టిగా తిప్పితే ట్రైలర్ మూల క్యాబిన్ వెనక అద్దాన్ని పగలగొడుతుంది. కొక్కేన్ని వెనక్కి జరిపితే ముందు చక్రాలు తేలిపోతాయి. అందుకే అక్కడివాళ్లు జారుడు కొక్కెం కనిపెట్టారు. రోడ్డు మీద ఇరుసుకు పైన, మలుపులో వెనక్కి. ఖరీదెక్కువ, బరువెక్కువ. అయినా కొంటారు. మోతకూ మలుపుకూ ఒకేసారి న్యాయం చేయాలంటే ఎక్కడైనా ఏదో ఒకటి వదులుకోక తప్పదు మరి.

మన ఊళ్లలో అయిదో చక్రం లేదా? ఉంది. నాలుగు చక్రాల ట్రక్కు ముందు ఇరుసు కింద చూడండి. గుండ్రటి టర్న్‌టేబుల్ కనిపిస్తుంది. గుర్రపు బండి వలయానికి అదీ వారసురాలే. ఆ ట్రక్కు తన బరువు తానే మోసుకుంటుంది. కొక్కేనికి లాగుడే తప్ప మోత లేదు. అయితే వెనక్కి నడపాలంటే చుక్కలు కనిపిస్తాయి. ఒకచోట పిన్ను, ఇంకోచోట టర్న్‌టేబుల్... రెండూ తలోవైపు తిరుగుతాయి. ట్రాక్టరు వెనక చక్రాల మీద అదనపు బరువు పడదు కాబట్టి తడినేలలో పట్టు కూడా తక్కువే. రోడ్డు మీద దూరప్రయాణానికి అది మేలు. అయిదు మీటర్ల సాళ్ల మధ్య కాదు.

వదులుకున్నదేమిటి?

కొడుకు మనసు నాలుగు చక్రాల దాని మీదే ఉంది. ఒక్క ట్రిప్పులో పనైపోతుందని. ‘‘రోజుకి నాలుగు ట్రిప్పులు తోలితే డీజిలు ఎంతవుద్దో తెలుసా?’’ అన్నాడు. ‘‘ఏటవాలు దిగేటప్పుడు వెనక నుంచి రెండు మూడు టన్నులు తోస్తుంటే ఈ బుల్లిబండి ఆపుద్దా? అది చెప్పు ముందు’’ అన్నాడు తండ్రి. మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులుండవు. ఆపాల్సిందంతా ట్రాక్టరే. దిగుడులో న్యూట్రల్ చేసినా, రోడ్డెక్కాక కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయకపోయినా వెనక ట్రక్కు పక్కకు వచ్చి ట్రాక్టరును మడిచేస్తుంది.

చివరకు ఇద్దరూ ఒప్పుకున్నది రెండు చక్రాల చిన్న ట్రక్కుకు. టన్నుకు మించి ఎక్కించకూడదని షరతు. ఇరవై కిలోల క్రేట్లు యాభై. ముందు సగం, వెనక సగం, ఇరుసు మీద ఎత్తుగా. ట్రాక్టరు ముందు బంపరుకు ఇనుప దిమ్మలు. గేర్‌బాక్సు వెనక కొక్కేనికే పిన్ను. పిన్నుకు కింద లాక్, పక్కన భద్రతా గొలుసు. పిన్ను జారినా ట్రక్కు రోడ్డు మీద వదిలిపోకుండా.

కొక్కెం అరిగి వదులైతే గేరు మార్చిన ప్రతిసారీ ట్రక్కు గుద్దుకుంటుంది. క్రేట్లు ఎగిరిపడతాయి. దెబ్బ తిన్న బంగినపల్లి ఆ పూట బాగానే కనిపించినా, మాగేసరికి నల్లబడుతుంది. చిక్కంతో ఒక్కో కాయ పదిలంగా దింపి, సొన కారకుండా తొడిమతో కోసి, తీరా అరిగిన పిన్ను దగ్గర పోగొట్టుకోవడమంటే అన్యాయమే. పిన్ను ఖరీదు ఒక్క క్రేటు కాయ ఖరీదుకు అటూ ఇటూ. అయినా దాని స్థానంలో బోల్టో, ఇనుప ఊచ ముక్కో దూర్చి నడిపేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

అన్నిటికన్నా పెద్ద షరతు ఇంటావిడ పెట్టింది. సాయంత్రం కోత కూలీలు ఖాళీ క్రేట్ల మీద కూర్చుని ఊళ్లోకి రావడం ఎప్పటి నుంచో అలవాటు. ‘‘కాయలకైతే గడ్డి పరుస్తారు, ఆళ్లకేం పరుస్తారు? రేపటి నుంచి ట్రక్కులో ఎవరూ ఎక్కడానికి లేదు’’ అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడింది. 2020 జూన్‌లో జగ్గయ్యపేట దగ్గర వేదాద్రి గుడికి వెళ్లొస్తున్నవారి ట్రాక్టరును లారీ ఢీకొంది. రెండుచోట్లా పదిమందికి పైగా చనిపోయారు. కారణాలు వేరైనా రెండుసార్లూ మనుషులు కూర్చున్నది సరుకు కోసం చేసిన తొట్టిలోనే. చట్టం దానికి ఒప్పుకోదు. జరగరానిది జరిగితే బీమా రావడమూ కష్టమే.

ట్రక్కు కొనేవాళ్లు ముందు షోరూముకు కాదు, తాడు పట్టుకుని తోటలోకి వెళ్లాలి. సాలు చివర ఎంత జాగా ఉందో, దారిలో ఎక్కుడు దిగుళ్లు ఎన్నున్నాయో చూసుకోవాలి. ట్రాక్టరు ఎంత లాగగలదన్నది ఒక్కటే చాలదు. ఎంత ఆపగలదు, ఎక్కడ తిరగగలదు... ఈ రెండూ తేలాకే ఎంత ఎక్కించాలన్నది.

ఆ ఇంట్లో ఇప్పుడు సీజనులో రోజుకు రెండు ట్రిప్పులు ఎక్కువ. డీజిలు అదనం. కూలీలను దింపడానికి ఆటో కిరాయి మరో అదనం. కొడుకు ఆ కిరాయిని పుస్తకంలో దండగ కింద రాయబోతే తండ్రి కొట్టివేయించి, కోత ఖర్చులో కలిపించాడు.