మాహితి సౌధలో ఒక పూట

విధానసౌధ ముందువైపు, హైకోర్టుకు ఎదురుగా, ప్రభుత్వ పని దేవుడి పని అని కన్నడంలో చెక్కి ఉంటుంది. ఫొటోలు దిగేవాళ్లంతా అటే. ఆ పని తాలూకు కాగితాలు చూపించమనే వాళ్లు మాత్రం పడమటి గేటు వైపు, దేవరాజ్ అరసు రోడ్డులోని మాహితి సౌధకు పోవాలి. కర్ణాటక సమాచార కమిషన్ అక్కడే ఉంది. బెంగళూరుకు ఈ సమాచార హక్కు కొత్తేమీ కాదు. కేంద్రం చట్టం 2005లో వస్తే, కర్ణాటక సొంత చట్టాన్ని 2000లోనే చేసుకుంది.

విచారణ ఎలా జరుగుతుందో చూద్దామని వెళ్లాను. బయట కూర్చున్న వాళ్లలో ఎవరు అధికారో ఎవరు అర్జీదారో అడగనక్కర్లేదు. అధికారి చేతిలో పల్చటి ఫైలు, అర్జీదారు ఒళ్లో ఉబ్బిన గుడ్డసంచి. నా పక్కన కూర్చున్న పెద్దాయనది పావగడ వైపు పల్లె. తుమకూరు జిల్లానే అయినా ఇంట్లో మాట తెలుగే. వాళ్ల ఊరి చెరువులో పూడిక తీసినట్టు బిల్లు చేశారట. తట్టెడు మట్టి లేచినట్టు కూడా ఆయనకు కనబడలేదు.

"మొదట నాలుగు పేజీలు రాసిస్తినప్పా. ఎందుకు తియ్యలేదు, ఎవరు తినిరి అని. ఏం లాభం? తిప్పి పంపిరి."

తిప్పి పంపడానికి వాళ్లకు రెండు కారణాలు దొరికాయి. ఒకటి, 2008 నుంచి కర్ణాటకలో ఉన్న నిబంధన: అర్జీ ఒకే విషయం మీద ఉండాలి, మామూలుగా 150 మాటలు మించకూడదు. రెండోది, ఆ 'ఎందుకు'. ఆఫీసులో ఉన్న రికార్డునే అడగగలం, లేని సంజాయిషీని రాసివ్వమనలేం. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది.

ఊళ్లో రిటైరైన మాస్టారొకరు రెండో అర్జీని ఐదు లైన్లకు దించారట. ఫలానా సంవత్సరం ఫలానా పని ఎస్టిమేటు, ఎం.బి. పుస్తకం, బిల్లులు, వోచర్లు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు. అసలు గుట్టంతా ఎం.బి.లోనే ఉంటుంది. పొడవెంత, వెడల్పెంత, లోతెంత అని ఇంజినీరు కొలతలు రాసేది అందులోనే, డబ్బు చెల్లించేది ఆ కొలతల మీదే. ఆ పేజీ చేతికొస్తే టేపు పట్టుకుని చెరువులోకి దిగొచ్చు. జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సరుకు నమూనా తీసుకోవడానికి కూడా చట్టం హక్కిచ్చింది. దాన్ని వాడుకునేవాళ్లే తక్కువ.

మంచి ప్రశ్నకు ఐదు లైన్లు చాలన్న మాట నిజమే. అయినా ఆ 150 మాటల నిబంధన నాకు మింగుడుపడదు. కుదించి రాయడం చదువుకున్నవాడి విద్య. మాస్టారు లేని ఊరి సంగతేమిటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో నిబంధనలు రాసుకున్నప్పుడు గ్రామస్థాయిలో రుసుమే వద్దంది, మండలంలో ఐదు రూపాయలు చాలంది. పల్లెవాడి కష్టం తెలిసి రాసిన నిబంధన అది.

రెండో అర్జీకీ కాగితాలు రాక కమిషన్ దాకా వచ్చిన పెద్దాయన వంతు కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. ఎం.బి. పేజీలు ఇవ్వమని, ఆలస్యానికి సంజాయిషీ రాసుకురమ్మని అధికారికి చెప్పారు. జరిమానా పడితే రోజుకు 250 రూపాయలు, 25,000 దాటకుండా. అది సర్కారు ఖజానాకే పోతుంది. కమిషన్ విడిగా పరిహారం ఇప్పిస్తే తప్ప అర్జీదారుకు పైసా రాదు.

సౌధ మెట్లు దిగుతూ గడువులన్నీ వరసపెట్టి చూసుకున్నాను. సమాచారం ఇవ్వడానికి అధికారికి 30 రోజులు. మొదటి అప్పీలు తేల్చడానికి 30, మహా అయితే 45. కమిషన్ దాకా రావడానికి అర్జీదారుకు 90. వచ్చిన అప్పీలును కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. పార్లమెంటు 2019లో కమిషనర్ల పదవీకాలాన్ని, జీతాలను నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2023లో వ్యక్తిగత సమాచారం పేరిట కాదనడానికి వీలు పెంచింది. ఈ గడువు జోలికి మాత్రం రెండుసార్లూ పోలేదు.