ఒకటే దారి ఉన్న ఆట

ఈసారి పచ్చళ్ల గురించో, పండగ పనుల గురించో కాదు, ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, చివరిదాకా చదవండి.

నేను తెలుగు బీఏ చదివిన మనిషిని. పుట్టింది గద్వాలలో, మెట్టింది వనపర్తిలో. నాకు తెలిసిన ఆటలంటే అష్టాచెమ్మా, వామనగుంటలు, మా తాత బండ మీద సుద్దముక్కతో గీసి నేర్పిన పులిజూదం. అలాంటి నాకు మా పెద్దోడి పుణ్యాన ‘ఫైనల్ ఫాంటసీ 13’ అనే జపాన్ ఆట మీద గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి.

వాడు ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రాశాడు. సీటు రాలేదు. ఇంట్లోనే ఉండి మళ్లీ చదువుతున్నాడు. పగలంతా పుస్తకాలు. రాత్రి అన్నాలు తిన్నాక ఒక గంట ఆట. ఆ గంట వాడికీ నాకూ ఒప్పందం. ఎవరెన్ని అన్నా నేను దాన్ని కదలనివ్వలేదు. ఆ గంటలో నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటాను, లేదా బట్టలు మడత పెడుతుంటాను. అట్లా చూస్తూ చూస్తూ కథలో పడ్డాను.

ఈ ఆట కొత్తదేం కాదు. స్క్వేర్ ఎనిక్స్ అనే జపాన్ కంపెనీ 2009 డిసెంబర్‌లో అక్కడ విడుదల చేసింది. మిగతా దేశాలకు 2010 మార్చిలో వచ్చింది. కంప్యూటర్‌లో ఆడుకునేది 2014లో వచ్చింది. మావాడు పాత లాప్‌టాప్‌లో ఆడేది అదే.

కథ టూకీగా చెప్తాను. ఆకాశంలో తేలే కకూన్ అనే లోకం, కింద గ్రాన్ పల్స్ అనే అడవి లోకం. ఫాల్‌సీలని దేవతల్లాంటి శక్తులు మనుషుల మీద ముద్ర వేసి ఒక పని అప్పగిస్తాయి. ఆ పనేమిటో సరిగ్గా చెప్పవు. చేయకపోతే మనిషి రాక్షసరూపం అయిపోతాడు. చేస్తే స్ఫటికమై నిద్రపోతాడు. అంటే చేసినా తిప్పలే, చేయకున్నా తిప్పలే. ఇది విన్నప్పుడు, ‘అరె, ఇది కోడళ్ల కథ లెక్కనే ఉందే’ అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. పరీక్ష ఫలితాలు వచ్చినప్పటి నుంచి వాడు అట్లా నవ్వడం నేను చూడలేదు.

అట్లా ముద్రపడ్డ ఆరుగురి ప్రయాణం ఇది. చెల్లెల్ని కాపాడుకోవాలనుకునే లైట్నింగ్ అనే సైనికురాలు, ఆ చెల్లెల్ని పెళ్లాడబోయే స్నో, కొడుకు కోసం కొన్న కోడిపిల్లలాంటి పిల్లను జుట్టులో పెట్టుకుని తిరిగే సాజ్ అనే తండ్రి, వనిల్, ఫాంగ్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు, ఇంకా హోప్ అనే పిల్లవాడు. హోప్ తల్లి మొదట్లోనే, వాడి కళ్ల ముందే, స్నో చేతిలోంచి జారి పడిపోయి చనిపోతుంది. ఆ పిల్లవాడు స్నో మీద పగ పట్టి, నోరు విప్పక, చాలా దూరం ఆ బరువు మోస్తూ నడుస్తాడు. ఆ భాగం వచ్చినప్పుడు నా చేతిలో చిక్కుడుకాయ అట్లే ఉండిపోయింది.

ఈ ఆట మీద ప్రపంచమంతా ఒక నింద ఉంది, ఒకటే దారి అని. మొత్తం పదమూడు అధ్యాయాలు. పది అధ్యాయాల వరకు సన్నటి సందులాంటి తోవలో ముందుకు పోవడమే. పదకొండో అధ్యాయంలో గ్రాన్ పల్స్‌కు దిగాకే మైదానం కనిపిస్తుంది. పాత ఫైనల్ ఫాంటసీ ఆటల్లో ఊళ్లు, అంగళ్లు, పలకరించే మనుషులు ఉండేవారట. ఇందులో అంగడి కూడా ఆటను భద్రం చేసుకునే గూటిలోనే ఒక తెరలాగా ఉంటుంది.

నేను ఈ నిందను సగమే ఒప్పుకుంటాను. ఒకటే దారి అవడం తప్పు కాదు. మన ఊళ్లల్లో రాత్రంతా భారతం చెప్తుంటే కూర్చున్నవాళ్లకు కథ తెలియకనా? అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోతాడని, తిరిగి రాడని అందరికీ తెలుసు. దారి మార్చమని ఎవరూ అడగరు. ఎట్లా పోయాడో చూడటానికే తెల్లారేదాకా కూర్చుంటారు.

తప్పల్లా దారి పక్కన మనుషులు లేకపోవడం. గద్వాల నుంచి వనపర్తికి బస్సులో వస్తే మాకూ ఒకటే దారి. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి ఆంజనేయస్వామి, కృష్ణ మీద వంతెన, పెబ్బేరు. ఇన్నేళ్లలో ఆ దారి మారింది లేదు. కానీ వంతెన మీద కిటికీలోంచి నదిలోకి చిల్లర వేసే ముసలమ్మ ఉంటుంది. పెబ్బేరు సంతకు పోయేవాళ్ల మాటలు ఉంటాయి. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరిందో, ఎవరి బోరు ఎండిపోయిందో దిగేలోపు తెలిసిపోతుంది. దారి ఒకటే అయినా ప్రయాణం ఒకటే కాదు. ఈ ఆట చేసినవాళ్లు దారిని అందంగా వేశారు, దాని పక్కన ఊరిని మాత్రం కట్టలేదు.

ఇక యుద్ధం సంగతి. నన్ను పట్టేసింది ఇదే.

యుద్ధంలో మనవాళ్లు ముగ్గురుంటారు. మన చేతిలో ఉండేది ఒక్కరే, నాయకుడో నాయకురాలో. మిగతా ఇద్దరూ వాళ్ల బుద్ధితో వాళ్లే కొట్లాడతారు. వాళ్లకు ఒక్కొక్క దెబ్బా మనం చెప్పలేం. మనం చెప్పగలిగేది ‘ఇప్పుడు నీ పాత్ర ఇది’ అని మాత్రమే. పాత్రలు ఆరు. గట్టిగా కొట్టేవాడు కమాండో. మంత్రాలతో వరుసగా కొట్టేవాడు రావెజర్. శత్రువు కోపమంతా తన మీదికి తిప్పుకుని దెబ్బలు కాసేవాడు సెంటినెల్. గాయాలు మాన్పేవాడు మెడిక్. మనవాళ్ల బలం పెంచేవాడు సినర్జిస్ట్. శత్రువును బలహీనం చేసేవాడు సాబటూర్. ముగ్గురి పాత్రలను కలిపి ఆరు రకాల జట్లు ముందే కట్టిపెట్టుకోవచ్చు. యుద్ధం మధ్యలో ఒక్క మీట నొక్కితే ముగ్గురూ ఒకేసారి పాత్రలు మారతారు. దీన్ని పారడైమ్ షిఫ్ట్ అంటారు.

సెంటినెల్ గురించి వాడు చెప్తుంటే, ‘ఇది పెద్దకోడలి పాత్ర రా’ అన్నాను. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పాత్రకు అదే పేరు.

శత్రువు నెత్తిన ఒక కొలత పట్టీ ఉంటుంది. రావెజర్ కొట్టే దెబ్బలకు అది గబగబ పెరుగుతుంది, కానీ వెంటనే జారిపోతుంటుంది. కమాండో దెబ్బ దాన్ని ఎక్కువ పెంచదు గానీ జారకుండా పట్టి ఉంచుతుంది. ఇద్దరూ కలిస్తేనే అది నిండుతుంది. నిండాక శత్రువు తూలిపోతాడు. అప్పుడు వేసే దెబ్బ ఎన్నో రెట్లు తగులుతుంది. ఇది నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే పులిజూదం కూడా ఇంతే. మూడు పులులు, పదిహేను మేకలు. ఏ మేకా ఒంటరిగా పులిని ఏమీ చేయలేదు. ఒకటి ముందుకు పోతే వెనక ఇంకొకటి ఉండాలి. అట్లా కమ్ముకుంటూ పోతే పులి కదలలేక కూర్చుంటుంది.

ఒకరోజు వాడు, ‘అమ్మా, నువ్వొకసారి ఆడు’ అని నా చేతికిచ్చాడు. మీటలన్నీ గుర్తుంచుకోవాల్సిన పని లేదు. ఆటో-బ్యాటిల్ అని ఒకటుంది, అది నొక్కితే దెబ్బలు అదే ఎంచుకుంటుంది. ఆట తెలిసినవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు, ‘ఒకటే మీట నొక్కుడు, ఇదేం ఆట’ అని. నాకట్లా అనిపించలేదు. ఏ దెబ్బ కొట్టాలన్నది చిన్న విషయం. ఎప్పుడు కొట్లాట ఆపి గాయం మాన్పాలి, ఎప్పుడు మాన్పడం ఆపి మళ్లీ కొట్లాటకు దిగాలి అన్నదే అసలు ఆట. అన్నం గంజి వార్చడం ఎవరికైనా నేర్పొచ్చు. పొయ్యి మీద పాలు, గేటు దగ్గర గ్యాసు బండి, లోపల పెద్దావిడ పిలుపు ఒక్కసారే వచ్చినప్పుడు ఏది ముందో ఎంచుకోవడం నేర్పడం కష్టం.

ఈ మాట ఊరికే అనడం లేదు. సంక్రాంతి ముందు మా అత్తమ్మ బాత్రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. మొదటి పది రోజులు అంతా నేనే. తిప్పి పడుకోబెట్టడం, మందులు, వంట, చిన్నదాని బడి. పదకొండో రోజు నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను.

ఇక్కడే ఈ ఆటతో నాకు పెద్ద పేచీ. నాయకురాలు పడిపోతే ఆట అక్కడికే అయిపోతుంది. పక్కన ఇద్దరు నిలబడే ఉంటారు, అందులో గాయాలు మాన్పేవాడూ ఉంటాడు. ఒక్క మంత్రం వేస్తే ఆమె లేస్తుంది. వేయనివ్వరు. ‘మళ్లీ మొదలుపెట్టు’ అంటుంది తెర. ఇదేం న్యాయం? ఇంట్లో నేను పడిపోయిన రోజు ఆట అయిపోలేదు. పెద్దోడు పొద్దున్నే లేచి వాళ్ల నాయనమ్మకు పళ్లు తోమించి, మందుల డబ్బా ముందేసుకుని చీటీ రాసుకున్నాడు. ఎన్నడూ స్టవ్ వెలిగించని మా ఇంటాయన జొన్నరొట్టె చేయబోయి, కుదరక, ఉప్మా చేశాడు. ఎవరూ మీట నొక్కలేదు. ఎవరి పాత్ర వాళ్లే మార్చుకున్నారు. ఆట చేసినవాళ్లు ఆ ఇద్దరి మీద ఆపాటి నమ్మకం ఉంచి ఉండాల్సింది.

ఇంకొక పేచీ నక్షత్రాల మీద. యుద్ధం అయ్యాక ఐదు నక్షత్రాల్లో ఎన్నో ఒకటి ఇస్తారు. లెక్క చూసేది ఎంత తొందరగా గెలిచామన్నది. నేను మెడిక్‌లను ఎక్కువసేపు ఉంచి, అందర్నీ నిండుగా బతికించుకుంటూ నిదానంగా గెలిస్తే నక్షత్రాలు రాలిపోతాయి. మాన్పడానికి పట్టిన సమయం ఆ లెక్కలో వృథా. ఇది మనకు కొత్త కాదు కదా! ఎన్ని మార్కులు, ఎంత జీతం అని అడిగేవాళ్లున్నారు గానీ, ‘మీ అత్తమ్మకు ఒంటి మీద ఒక్క పుండు పడకుండా చూసుకున్నావా’ అని నన్ను అడిగింది ఇంటికొచ్చిన నర్సమ్మ ఒక్కతే.

అయినా ఈ ఆటకు ఒక విషయంలో దండం పెడతాను. గాయం మాన్పడాన్ని అది ఆడవాళ్ల పనిగా పక్కన పెట్టలేదు, ఆరు పాత్రల్లో ఒక పాత్రగా నిలబెట్టింది. కత్తి పట్టే లైట్నింగ్ కూడా అవసరమైతే మెడిక్ అవుతుంది. తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు హోప్‌కు మాన్పే విద్య మొదటి నుంచీ వచ్చిన మూడు విద్యల్లో ఒకటి.

ఇప్పుడు అసలు చిక్కు. అత్తమ్మ చేత అడుగులు వేయించడానికి ఒక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చేవాడు. మా పెద్దోడు పక్కన నిలబడి ప్రతిదీ చూసేవాడు. ఆ అబ్బాయి రాని రోజుల్లో వీడే చేయించేవాడు. మొన్న ఉగాది అయ్యాక మెల్లగా చెప్పాడు, ‘అమ్మా, ఈసారి నీట్‌లో రాకపోతే నేను బీపీటీ చేస్త. ఫిజియోథెరపీ.’

మా ఇంటాయన ఒప్పుకోలేదు. బైపీసీ అంటే డాక్టరు, లేకుంటే ఇంకో ఏడాది కోచింగు. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. ఆయన్ను నేను తప్పుపట్టను. సొంత ఊళ్లో నాలుగెకరాల మీద బతికిన ఇంట్లోంచి వచ్చిన మనిషి, కొడుకు డాక్టరు కావాలనుకోవడం దురాశ కాదు. కానీ వాడు నాయనమ్మ మోకాలి కింద చేయి పెట్టి, ‘ఇంకొక్కటి, ఇంకొక్కటే’ అంటుంటే ఆమె తిట్టుకుంటూనే కాలు లేపడం ఆయనా చూశాడు. చూసి ఏమీ అనకుండా బయటకు పోయాడు. ఆ మౌనం కాదనడమో, ఆలోచించడమో నాకింకా తెలియదు.

నా మాట మాత్రం ఇంట్లో చెప్పేశాను. ఈసారి పరీక్షకు వాడు మనసు పెట్టి చదవాలి, అది వాడి బాధ్యత. వస్తే సంతోషం. రాకపోతే బీపీటీ దరఖాస్తుకు డబ్బులు నేనిస్తాను. చీటీ పాట ఈసారి నాదే. కోచింగుకు ఇంకొక ఏడాది హైదరాబాద్ పంపడానికి మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మలారా, పిల్లలు ఆడే ఆట అంతా మంచిదని నేననను. గంట దాటితే లాప్‌టాప్ మూయించేది నేనే. కానీ ఆ గంటలో ఒక్క పది నిమిషాలు పక్కన కూర్చోండి. ‘ఎందుకు ఆడుతున్నావు’ అని కాదు, ‘ఇందులో నువ్వు ఏ పాత్ర తీసుకుంటావు’ అని అడగండి. మావాడు ముగ్గుర్ని ఎంచుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ హోప్‌ను తీసుకునేవాడు. ఎందుకని అడిగితే, ‘వీడుంటే ఎవరూ చావరమ్మా’ అన్నాడు.