తోలు సీటు, కాలువ గట్టు

మా నాయన కె.సి. కెనాల్ మీద లస్కరు. సుంకేసుల నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు పారే ఆ కాలువలో, నంద్యాలకు దిగువన కొన్ని మైళ్ల గట్టు ఆయన జిమ్మా. తూములు చూసుకోవాలి, గండ్లు పడకుండా కాచుకోవాలి, రాత్రిపూట దొంగచాటుగా తూము ఎత్తేవాళ్లతో తగువు పడాలి. ఇదంతా సైకిలు మీదే. గట్టు మీద నల్లరేగడి. వానొస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి ఇరుక్కుని సైకిలు కదలదు. ఎండితే ఎడ్లబండ్ల గాడీలు గట్టిపడి, తొక్కేవాడి నడుములోని పూసలన్నీ పలకరిస్తాయి.

ఆయనది హెర్క్యులెస్. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిళ్ల కంపెనీ వాళ్లు చేసినది. దానికి వెడల్పాటి తోలు సీటు, వెనక రెండు లావుపాటి స్ప్రింగులు. నాకు ఊహ తెలిసేటప్పటికి, అంటే 1960ల చివర్లో, ఆ సీటు నల్లగా నిగనిగలాడుతూ, కూర్చునే చోట రెండు పక్కలా చిన్న గుంటలు పడి ఉండేది. వేరేవాళ్లు ఎక్కితే ఒక ఫర్లాంగు కూడా ఓర్చుకునేవాళ్లు కారు. మా చిన్నాయన ఒకసారి దాని మీద ఆళ్లగడ్డకు పోయొచ్చి, "ఏం సీటు పెట్టుకున్నావన్నా, బండమీద కూర్చున్నట్టుంది" అని కూర్చోకుండానే అన్నం తిన్నాడు. నాయన మాత్రం పొద్దస్తమానం దాని మీదే.

మిట్టమధ్యాహ్నం సైకిలు ఎండలో నిలపాల్సి వస్తే ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి సీటు మీద కప్పేవాడు. మే నెలలో నంద్యాల ఎండ 45 డిగ్రీలు దాటడం ఇప్పుడు టీవీలో వార్త. అప్పుడు ఎవరూ కొలిచి చెప్పేవాళ్లు కారు గానీ, ఎండ అదే. నెత్తి మాడినా సరే తువ్వాలు సీటుకే. "తోలుకు ఎండ పాముకాటప్పా" అనేవాడు.

ఈ మాట ఆయనకు నేర్పింది మా ఊరి చెప్పులాయన. అప్పటికే ముసలాయన. వయసులో ఉన్నప్పుడు కపిల బావులకు తోలు తొండాలు కుట్టేవాడట. ఎడ్లు ముందుకు పోతే బావిలోంచి ఇనప బానలో నీళ్లు పైకొచ్చి, దాని కిందున్న తోలు తొండంలోంచి కాలువలోకి పడేవి. ఆ తొండం రోజూ తడుస్తుంది, రోజూ ఎండుతుంది. అది చీలిపోతే రైతు పైరు ఎండుతుంది కాబట్టి, తోలును ఎట్లా కాపాడాలన్నది ఆయన వృత్తిలో సగం. ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు మూలబడ్డాయి. ఆయన ఆరె, రంపె పట్టుకుని రచ్చకట్ట దగ్గర చెప్పులు, చిక్కాలు, సైకిలు సీట్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆయన దగ్గర కూర్చుని విన్నదే నా చదువు. తంగేడు పట్టతో లంద తొట్టిలో నెలలపాటు నాననిచ్చిన తోలు వేరు, ఫ్యాక్టరీలో రసాయనాలతో రోజుల్లో తయారయ్యే తోలు వేరు. మొదటిది గట్టిగా ఉంటుంది. కానీ మనిషి బరువుకు, చెమటకు, వేడికి మెల్లగా లొంగి, లొంగిన ఆకారంలోనే నిలబడుతుంది. రెండోది మెత్తగానే ఉంటుంది గానీ ఒక ఆకారాన్ని పట్టి ఉంచుకోదు. మన రాయలసీమ బీళ్లనిండా పచ్చగా పూసే తంగేడుకు ఒకప్పుడు ఎంత గిరాకీ అంటే, దాని పట్టతో పదును పెట్టిన తోళ్లు మద్రాసు నుంచి లండను బజారుకు ఓడల్లో పోయేవి. వాటికి ఈస్టిండియా తోళ్లని పేరు. ఇప్పుడు తంగేడు పూలు బతుకమ్మకు తప్ప ఎవరికీ పట్టవు. అది కూడా కృష్ణకు అవతల.

తోలు సీటులో దూది, స్పాంజి ఏమీ ఉండవు. మందపాటి తోలు ఒకటే, ముందు ముక్కు దగ్గర, వెనక ఇనప పట్టీ మీద రాగి రివెట్లతో బిగించి, మధ్యలో గాలిలో వేలాడుతూ ఉంటుంది. ఉయ్యాల సూత్రమే. ముక్కు కింద ఒక బోల్టు ఉంటుంది. తోలు సాగి కిందికి దిగితే పానాతో దాన్ని కొంచెం తిప్పితే మళ్లీ బిగుస్తుంది. బర్మింగ్‌హామ్‌లో 1866లో తోలు సామాన్ల వ్యాపారం పెట్టిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ తన గుర్రం చచ్చిపోతే సైకిలెక్కాడనీ, దాని సీటు బాధ భరించలేక తానే సీటు చేశాడనీ చెప్తారు. ఆయన పేటెంటు 1882 నాటిది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ చేతులెత్తేస్తే మా కె.సి. కెనాల్‌ను ప్రభుత్వం తీసుకున్నదీ 1882లోనే. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. నాకు మాత్రం ఆ సంవత్సరం మరిచిపోవడం కష్టం.

నేను బడిపంతులునై సొంత సైకిలు కొనేసరికి రెక్సిను మీద స్పాంజి కుట్టిన సీట్లు వచ్చేశాయి. షాపులో బొటనవేలితో నొక్కితే హాయిగా ఉంటాయి. మన బరువును మోసేది కూర్చునే చోట ఉండే రెండు ఎముకలు. స్పాంజిలో అవి దిగబడతాయి, మధ్యలో స్పాంజి పైకి ఉబికి మెత్తని కండను నొక్కుతుంది. పది కిలోమీటర్లు దాటాక ఆ సంగతి తెలుస్తుంది. పైగా రెక్సిను గాలి ఆడనివ్వదు. చెమటకు ఒరుసుకుపోయి, వేసవిలో బడికి చేరేసరికి నిలబడి పాఠం చెప్పడమే సుఖం అనిపించేది.

కడపకు బదిలీ అయ్యాక, ఏడురోడ్ల కూడలికి కాస్త దూరంలో ఒక గుజిరీ కొట్టులో పాత తోలు సీటు కనిపించింది. దుమ్ము కొట్టుకుపోయి, ఎండి, పైన సన్నటి పగుళ్లు. ఒళ్లు విరుచుకుంటున్న స్ప్రింగుల్లో తుప్పు. కొట్టాయన నన్ను చూసి నవ్వి, "ఇనుము రేటుకే తీసుకో సారూ, తోలు ఊరికే వస్తది" అన్నాడు. పాత సీటు కొనేవాళ్లు చూడాల్సింది పైన మెరుపు కాదు. రివెట్ల చుట్టూ తోలు చిరిగిందా, పగులు లోపలి పొరదాకా దిగిందా, ముక్కు బోల్టుకు ఇంకా మర మిగిలి ఉందా, ఇంతే. పైపగుళ్లు ముసలితనం, అంతకు మించి ఏమీ కాదు.

దాన్ని దారికి తెచ్చింది ఆముదమే. అయితే ఆముదం దగ్గరే చాలామంది సీట్లు పోతాయి. మా స్కూల్లో ఒక సారు నన్ను చూసి తానూ తోలు సీటు సంపాదించి, రాత్రంతా ఆముదంలో నానేశాడు. పొద్దున్నే మెత్తగా ఉందని మురిసిపోయాడు. నెలకల్లా అది మధ్యలో కుంగిపోయింది. నూనె ఎక్కువైతే తోలులో పట్టు పోతుంది. చెప్పులాయన లెక్క వేరు: గోరువెచ్చని ఆముదం గుడ్డ పేలికకు అంటించి, కింది గరుకు వైపు ఒకసారి, పైన ఒక తుడుపు. అంతే. మళ్లీ సంక్రాంతికి. శనగనూనె మాత్రం వద్దు, జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. తోలు సీట్లకు పూయడానికని ఇంగ్లండు నుంచి వచ్చే డబ్బాలో కొవ్వు, తేనెమైనం కలిపి ఉంటాయి, అది మంచిదే. కానీ వాళ్ల జాగ్రత్తలన్నీ వాన కోసం. సీటుకు టోపీ తొడగండి, తడవనివ్వకండి అంటారు. మనకు ఏడాదిలో పది నెలలు ఆ భయమే లేదు. మన భయమంతా ఎండ, అందుకే తువ్వాలు. ఇంకో సంగతి, కొత్త తోలు సీటు రంగు తెల్లపంచెకు అంటుతుంది. పెళ్లికి పోతూ దాని మీద ఎక్కరాదు.

నా సీటుకు వాన భయం వచ్చింది 2009 అక్టోబరు 2న. అప్పటికి కర్నూలులో పాతబస్తీ వైపు కింది వాటాలో ఉంటున్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి, శ్రీశైలానికి ఎన్నడూ లేనంత వరద వచ్చింది. చూస్తుండగానే వీధిలో నీళ్లు, అరుగుల మీద నీళ్లు. పిల్లల్నీ సర్టిఫికెట్లనూ పట్టుకుని మేడ మీదికి పోయాం. మెట్ల కింద కట్టేసిన సైకిలు మునిగిపోయింది. నీళ్లు తీశాక మొత్తం బురద. సీటు ఉబ్బి, రెక్కలు రెండు పక్కలకూ విచ్చుకుని, రివెట్ల మీద పచ్చటి చిలుము.

ఊరంతా పరుపులు, పుస్తకాలు, బీరువాలు ఎండకు పెట్టింది. నేను సీటును విప్పి, ట్యాంకరు నీళ్లలో నా వంతు కొంచెం దానికి కేటాయించి బురద కడిగాను. మా ఆమె చూసి, "బియ్యం తడిసి మొలకలొస్తావుంటే మీకు సైకిలు సీటా?" అంది. న్యాయమే. అయినా రెక్కలు విచ్చుకోకుండా పాత పంచె పేలికతో చుట్టూ బిగించి కట్టి, కింద న్యూస్‌పేపర్లు ఉండలు చేసి కుక్కి, మెట్ల కింద నీడలోనే పెట్టాను. పేపరు తడిస్తే మార్చడం, మళ్లీ కుక్కడం. ఎండలో పెట్టి ఉంటే ఒక్కరోజులో ఆరేది, మరునాడు పగిలేది. తడి తోలు మీద కూర్చున్నా, బోల్టు తిప్పినా సాగిపోతుంది కాబట్టి ఆ రెండూ చేయలేదు. వారం దాటాక ఒక తుడుపు ఆముదం. సీటు నిలబడింది. కొంచెం అష్టావక్రంగా.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నా. పొద్దున కాలువ గట్టు దాకా పోయొస్తాను. ముక్కు బోల్టుకు ఇక ఒకటి రెండు చుట్ల మరే మిగిలింది. అది అయిపోతే రెక్కల అంచులకు బెజ్జాలు పొడిచి, కింద నుంచి తోలు దారంతో లాగి కడితే ఇంకో పదేళ్లు వస్తుందని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అబ్బాయి అంటున్నాడు. మూడొందలు అడుగుతున్నాడు. రెండొందలకు బేరం ఆడుతున్నా. దారం నాదే.