పదమూడో నంబరు చొక్కా

షార్లెట్‌లో టైవోలా రోడ్డు పక్కన ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, హోటళ్లు ఉన్నాయి. అక్కడ ఇరవై మూడు వేల మందికి పైగా పట్టే కొలీజియం ఉండేదని చెబితే కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలు ఆశ్చర్యపోతారు. 1988లో తెరిచారు. 2007 జూన్ 3, ఆదివారం పొద్దున పేలుడు మందు పెట్టి కూల్చేశారు. పందొమ్మిదేళ్లయినా నిండలేదు. మా ఊరి రామాలయం ముందున్న రచ్చబండ వయసుతో పోలిస్తే అదేపాటి? అయినా రచ్చబండ అన్న మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కొలీజియమే.

1998 మొదట్లో వైటూకే సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చినవాళ్లం మేం నలుగురం, రెండు గదుల అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లం. అప్పటికి మాకు క్రికెట్టే ఆట. బాస్కెట్‌బాల్లో తెలిసిన పేరు మైకేల్ జోర్డన్ ఒక్కటే. ఆ మే నెలలో జోర్డన్ ఆడే షికాగో బుల్స్‌కీ ఆ కొలీజియంలో ఆడే మా షార్లెట్ హార్నెట్స్‌కీ ప్లేఆఫ్ పోటీ పడింది. రెండో ఆట షికాగోలో. 78-76తో హార్నెట్స్ గెలిచింది. ఆఖర్లో కీలకమైన బుట్ట వేసినవాడు బి.జె. ఆర్మ్‌స్ట్రాంగ్, ఒకప్పుడు జోర్డన్ పక్కనే ఆడి టైటిళ్లు గెలిచినవాడు. ఆ రాత్రి మా వీధిలో కార్ల హారన్లు ఆగలేదు. తర్వాతి మూడు ఆటలూ బుల్స్ గెలిచేసింది. కానీ మేం అప్పటికే ఆటలో పడిపోయాం.

పొద్దున్నే పేపర్ తెచ్చే వంతు గుంటూరు కుర్రాడిది. అందులో స్పోర్ట్స్ పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో బాక్స్ స్కోర్ ఉండేది. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస: ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్ని వేస్తే ఎన్ని పడ్డాయి, రీబౌండ్లు, అసిస్టులు, ఫౌల్స్, చివరికి పాయింట్లు. దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద మాగ్నెట్టుతో పెట్టేవాళ్లం. ఎర్ర పెన్నుతో ఒకడు సున్నా చుడితే, నీలం పెన్నుతో ఇంకొకడు కొట్టేసేవాడు. పప్పు తిరగమోత పెడుతూ పెట్టుకున్న ఆ గొడవల్లో ఎన్ని పోపులు మాడాయో!

పెద్ద తగాదా 1999 మార్చిలో వచ్చింది. హార్నెట్స్ వాళ్లు గ్లెన్ రైస్‌ని లేకర్స్ జట్టుకి ఇచ్చి, ఎడ్డీ జోన్స్‌నీ ఎల్డెన్ క్యాంప్‌బెల్‌నీ తెచ్చుకున్నారు. రైస్ 1996-97లో ఆటకి సగటున 26.8 పాయింట్లు వేసినవాడు. ఆ ఏడాది ఆల్‌స్టార్ ఆటలో ఉత్తమ ఆటగాడు కూడా.

"పాయింట్లు వేసేవాణ్ని అమ్ముకుని ఏం చేస్తారు గురూ?" అన్నాడు గుంటూరు కుర్రాడు.

"ఆపేటోడు కూడా గావాలె గద అన్నా. ఎదుటోని బంతి గుంజుకుంటే అది పాయింట్ గాదా?" అని వరంగల్ అతని వాదన. అతను జోన్స్ పక్షం.

మరుసటి సీజన్లో జోన్స్ స్టీల్స్‌లో, అంటే బంతి గుంజుకోవడంలో, లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. అదే 2000లో రైస్ లేకర్స్‌తో టైటిల్ గెలిచాడు. ఇద్దరిదీ గెలుపే కాబట్టి వాదన తెగలేదు. గుంటూరు కుర్రాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఇప్పటికీ రైస్ పేరు ఎత్తకుండా పెట్టడు.

కొలీజియంలో మా సీట్లు పైకప్పు కింద, అన్నిటికన్నా చవకవి. అక్కడ మా వరసలోనే ఒక పెద్దాయన కూర్చునేవాడు. గాస్టోనియా వైపు నూలు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. టీల్ రంగు జాకెట్టు, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. ఒళ్లో అట్ట, దాని మీద కాగితం, చెవి సందున పెన్సిల్. ప్రతి ఫౌలూ, ప్రతి రీబౌండూ గీతలు గీసుకునేవాడు. ఎందుకు, రేపు పేపర్లో వస్తుంది కదా అని అడిగాను. పేపర్ వాళ్లు రాయనివి ఉంటాయన్నాడు. కాగితం చివర తనే ఒక గడి గీసుకున్నాడు: కింద పడ్డ తోటివాణ్ని చెయ్యిచ్చి లేపింది ఎవరో అందులో రాసేవాడు. ఆ గడిలో 13 అన్న అంకె తరచూ కనపడేది.

పదమూడు బాబీ ఫిల్స్ నంబరు. ఎదుటి జట్టులో అందరికన్నా బాగా ఆడేవాణ్ని కాచుకునే బరువు అతనిది. 2000 జనవరి 12న కొలీజియంలో ప్రాక్టీసు ముగించుకుని బయల్దేరి, అక్కడికి దగ్గర్లోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. ముప్పై ఏళ్లు. ఆ రాత్రి బుల్స్‌తో జరగాల్సిన ఆట ఆపేశారు. నెల తిరక్కముందే ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా, చొక్కాని పైకప్పు కింద వేలాడదీశారు. ఆ తర్వాత మేం వెళ్లినప్పుడు పెద్దాయన కాగితం మీద చివరి గడి గీయలేదు.

మిగతా కథ త్వరగా జరిగిపోయింది. కొలీజియంలో జనానికి సీట్లు బోలెడు, డబ్బున్నవాళ్లు కూర్చునే సూట్ గదులు తక్కువ. వరుసగా 364 ఆటలకి టికెట్లన్నీ అమ్ముడైన భవనం, ఆ సూట్ల లెక్కలో పాతబడిపోయింది. ఓనరు జార్జ్ షిన్ కొత్త అరీనా కావాలన్నాడు. అతని మీద ఊరికి అప్పటికే మనసు విరిగింది. 2001లో ఓటింగ్ పెడితే జనం కాదన్నారు. 2002లో జట్టు న్యూ ఆర్లియన్స్‌కి తరలిపోయింది. పేరూ, రికార్డులూ, ఆ చొక్కా దాంతోపాటే వెళ్లిపోయాయి.

రెండేళ్లకి బాబ్‌క్యాట్స్ అని కొత్త జట్టు వచ్చింది. 2006లో జోర్డన్ అందులో వాటా కొని, 2010లో అసలు ఓనరయ్యాడు. మాజీ ఆటగాళ్లలో మేజిక్ జాన్సన్ లేకర్స్‌లో, షకీల్ ఓనీల్ శాక్రమెంటోలో, గ్రాంట్ హిల్ అట్లాంటాలో కొన్నవి చిన్న వాటాలే. జట్టునే చేతిలోకి తీసుకున్న మాజీ ఆటగాడు జోర్డన్. పైగా ఈ రాష్ట్రంలోనే విల్మింగ్టన్‌లో పెరిగినవాడు. ఊరు పండగ చేసుకుంది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. జీతాల గొడవలో ఓనర్లు లీగ్‌ని ఆపేసిన 1998 లాకౌట్ రోజుల్లో ఆటగాళ్ల తరఫున నిలబడి, లాభం రాకపోతే జట్టు అమ్ముకోమని వాషింగ్టన్ ఓనర్ ఏబ్ పోలిన్‌కి మొహం మీదే చెప్పినవాడు జోర్డన్. 2011 లాకౌట్‌లో ఆదాయంలో ఆటగాళ్ల వాటా తగ్గించాలని పట్టుబట్టిన ఓనర్ల పక్షాన నిలిచింది కూడా అతనే. కుర్చీ మారితే మాట మారుతుందని సరిపెట్టుకోమన్నారు మిత్రులు. నేను సరిపెట్టుకోలేదు. ఆ లాకౌట్ తర్వాత కుదించిన సీజన్లో మా జట్టు 66 ఆటల్లో 7 గెలిచి 59 ఓడింది. గెలుపు శాతంలో లీగ్ చరిత్రలోనే అంతకన్నా అధ్వాన్నం లేదు. అతని చేతికింద జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా నెగ్గలేదు. 2023లో మూడు వందల కోట్ల డాలర్ల లెక్కన పెద్ద వాటా అమ్మేశాడు. కొన్నప్పుడు విలువ సుమారు ఇరవై ఏడున్నర కోట్లు.

ఈ అంకెలన్నీ చూసి, ఆటగాడిగా దేవుడు, ఓనరుగా సున్నా అని ఈ ఊళ్లో చాలామంది తేల్చేశారు. ఆ రెండో మాట నేను ఒప్పుకోను. ఆటకి బాక్స్ స్కోర్ ఉన్నట్టే ఓనరుకీ ఒకటి ఉంటే, దాని చివర ఆ పెద్దాయన గీసిన గడి కూడా ఉండాలి. న్యూ ఆర్లియన్స్ వాళ్లు 2013లో పెలికన్స్ అని పేరు మార్చుకోగానే, జోర్డన్ హార్నెట్స్ పేరు తిరిగి అడిగాడు. 2014లో పేరొచ్చింది. దాంతో 1988 నుంచి 2002 వరకు ఆ జట్టు ఆడిన ఆటలు, రికార్డులు, మా ఫ్రిజ్ మీద ఎర్రసున్నాలు చుట్టిన ఆ వరసలన్నీ మళ్లీ షార్లెట్ ఖాతాలోకి వచ్చాయి.

ఆ సీజన్ మొదట్లోనే, 2014 నవంబర్ 1న, ఇప్పటి అరీనాలో పదమూడో నంబరు చొక్కాని మళ్లీ పైకప్పు కింద వేలాడదీశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. షార్లెట్‌కి ఎప్పుడైనా వస్తే, ఆట మొదలవకముందు ఒక్కసారి తలెత్తి చూడండి.